గోడకు జానెడు సందు ఇడిసి కట్టిన కూరల మడి

ఎత్తు మడి ఎట్లుంది అని ఎవరడిగినా నేను ముందుగాల చెప్పేది ఎనక ఇంటి గోడకు, మడికి నడుమ ఇడిసిన సందు గురించే. వర్మీ కంపోస్టు, వేపపిండి ఎంత కలపాలె అన్నది అందరికీ తెల్సిందే, అది ఇడిసిపెడ్త. మాది నల్లగొండ, తూర్పు గోడ పక్కన ఎనిమిది ఫీట్ల పొడుగు, రెండున్నర ఫీట్ల ఎడల్పు, ఫీటున్నర ఎత్తు మడి కట్టిచ్చినం, నాలుగు దిక్కులా షాబాద్ బండలు నిలబెట్టి. ఎనక బండలు దండుగ, గోడకే ఆనిచ్చి మట్టి పోద్దాం పైసలు మిగుల్తయి అని మేస్త్రీ మస్తు చెప్పిండు, నేను ఒప్పుకోలే. మా మేనత్త వాళ్లింట్ల గట్లనే ఆనిచ్చి పూలచెట్లు పెడ్తే లోపటి దిక్కు బెడ్రూం గోడ నిమ్మెక్కి, తెల్లగ ఉప్పు పొంగి, బీరువా ఎనక సున్నం అంతా పెచ్చులు పెచ్చులు రాలింది. చెదలకు కూడ గోడెక్కనీకి తొవ్వ ఏసిచ్చినట్టే అయితది.

సందుల గచ్చు పోపిచ్చి మోరి దిక్కు వాటం పెట్టిచ్చిన, మడిల నీళ్లు బయటికి పోనీకి ఎనక బండల కింద జాయింట్లకు సిమెంట్ పెట్టనియ్యలే.

దాని ఇల్వ పోయిన వానకాలం తెల్సింది. పొద్దుమూకంగ మొదలైన వాన తెల్లారేదాంక తగ్గలే, మడిల నీళ్లు నిలిచి మెంతికూర మొత్తం మునిగింది. టార్చి పట్టుకొని సందులకు చూస్తే బండల కిందికెళ్లి ఎర్రనీళ్లు సన్నగ కారుకుంట గచ్చు మీదికెళ్లి మోరిల పడ్తున్నయి. ఉరికొచ్చి లోపల మంచం జరిపి గోడకు చెయ్యి పెట్టి చూసిన, పొడిగ ఉంది, ఒక్క మచ్చ లేదు. గా జానెడు జాగ కోసం మేస్త్రీతోని అంత కొట్లాడినందుకు గప్పుడు పానం నిమ్మలమయింది.

అయితే గదే వానకు ముంగట నడిమి బండ బయటికి ఒరిగింది. షాబాద్ బండ చెక్క లెక్క కుళ్లది, చెదలు పట్టయి, అది నిజమే గానీ 30 ఘనపుటడుగుల మట్టి తడిస్తే టన్ను దాటుతది, అంగుళం మందం బండ ఎంతని ఆపుతది? వెల్డింగ్ షాపుల ఎల్ యాంగ్లర్లు (ఎల్ ఆకారం ఇనుప పట్టీలు) కోపిచ్చి బండకు బయట కొట్టిచ్చినంక మళ్ల కదల్లే. పొడుగు మడి అయితే మొదాలే కొట్టిచ్చుకోండ్రి.

సందుకు కూడ పని ఉంటది. ఆకులు రాలి పడ్తయి, ఊడ్వకుంటే తేళ్లు చేరతయి. జానెడు ఉంటే చీపురు పోతది, నాలుగు వేళ్ల ఎడల్పు సందు అయితే పోదు.

పుంటికూర, తోటకూర బయట కొనుడు చాన తగ్గింది. మాకు మధ్యాహ్నం నుంచి గోడ నీడ పడ్తది కాబట్టి మే నెలల పుంటికూర అయితే ఆగుతది, పాలకూర ఆగది. పడమర గోడ అయితే ఎండతోపాటు గోడ సెగ కూడ రాత్రిదాంక కొడ్తది, గ్రీన్ నెట్ లేకుంటే కష్టమే. బోరు నీళ్లే పోస్తే మట్టి మీద తెల్లగ పేరుకుంటది, మేం నల్లా నీళ్లు కలిపి పోస్తున్నం.

సొంతిల్లు ఉండి, మోరి దగ్గర్ల ఉంటే కట్టిచ్చుకొమ్మనే చెప్త. కిరాయి ఇంట్ల ఉన్నోళ్లకు గ్రో బ్యాగులే నయం. మోరి దూరం ఉన్నోళ్లు మాత్రం సందుల పడ్డ నీళ్లు ఎటు పోతయో చూసుకున్నంకనే బండలు తెప్పిచ్చుకోండ్రి.