కొత్త ఓనర్‌నంటూ ఫోనొస్తే: అద్దెకుండేవాళ్లకు ఆన్‌లైన్ ఈసీ ఎంతవరకు పనికొస్తుంది?

"ఫ్లాట్ మేం కొన్నాం, వచ్చే నెల నుంచి అద్దె నాకు వేసెయ్యండి" అని ఎవరో ఫోన్ చేసి, వెంటనే వాట్సాప్‌లో అకౌంట్ నంబర్ పెట్టారు. ఓనర్ ఆంటీ అమెరికాలో కొడుకు దగ్గరున్నారు, ఫోన్ ఎత్తడం లేదు. అప్పుడు తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ సెర్చ్ తెరిచాను. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక. పైసా ఖర్చు లేదు.

ఇంటి నంబర్‌తో వెతకడం మాత్రం తలనొప్పే. పాత నంబరొకటి, కొత్త నంబరొకటి, దస్తావేజులో ఏది రాయించారో మనకేం తెలుస్తుంది? డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తెలిస్తే పని సులువు. అందుకే "సార్, డాక్యుమెంట్ నంబర్ పంపుతారా?" అని అడిగాను. కాస్త విసుక్కున్నా పంపారు. పంపకుండా నాన్చితే అక్కడే అనుమానించాలి.

వచ్చిన పట్టికలో పార్టీల పేర్ల గడి చూడాలి. 'ఈఎక్స్' అంటే రాసిచ్చినవాళ్లు, 'సీఎల్' అంటే రాయించుకున్నవాళ్లు. ఈఎక్స్ పక్కన ఆంటీ పేరే ఉంది. సీఎల్ పక్కన మాత్రం ఫోన్ చేసినాయన పేరు లేదు, ఎవరో ఆవిడ పేరుంది. ఆయన భార్యట!

ఈసీ పని అక్కడితో సరి. అద్దె వసూలు చేసే అధికారం ఆవిడ ఎవరికిచ్చారో అందులో ఉండదు. ఓనర్ చనిపోయి పిల్లల్లో ఒకరు అద్దె అడుగుతుంటే అసలే ఉపయోగం లేదు. రిజిస్టర్ కాని వీలునామా, జీపీఏ (మన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రం) లాంటివి ఈసీకెక్కవు.

ఇంకో తిరకాసుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 109వ సెక్షన్ ప్రకారం, ఇల్లు చేతులు మారిన సంగతి తెలియక పాత ఓనర్‌కే అద్దె కడితే, అదే అద్దె కొత్తవాళ్లకు మళ్లీ కట్టక్కర్లేదు. ఈసీ చూశాక ఇక తెలియదనడానికి లేదు కదా! అలాగని ఆ అకౌంట్‌లో గుడ్డిగా వేయలేను. ఆవిడ సంతకంతో లెటర్ అడిగాను. అద్దె ఎవరి అకౌంట్‌లో వేయాలి, ఆంటీ దగ్గరున్న నా అడ్వాన్స్ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎవరిస్తారు, రెండూ అందులో రాయించాను. ఆవిడ పాన్ నంబర్ కూడా తీసుకున్నాను. అద్దె ఏడాదికి లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపుకి ఆఫీసువాళ్లు ఓనర్ పాన్ అడుగుతారు, అక్కడ భర్తగారి పాన్ ఇస్తే కుదరదు.

ఓనర్ ఎవరో తేల్చుకోవడానికి ఆన్‌లైన్ ఈసీకి నేనిచ్చే మార్కులు అయిదుకి నాలుగు. అద్దె ఎవరికివ్వాలో తేల్చడానికైతే రెండే.