ఒక్కరోజు హైదరాబాద్ టూర్ బస్సు: నా రివ్యూ, దానికి బదులు వేసుకోదగ్గ ప్లాన్

మంగళగిరి నుంచి మా అత్తయ్య, మామయ్య వచ్చినప్పుడు ఊరు చూపిద్దామని ఒక ప్రైవేటు ట్రావెల్స్ వాళ్ల ఒక్కరోజు సిటీ టూర్ బుక్ చేశాను. రేటింగ్ ముందే చెప్పేస్తాను: ఐదుకి రెండు. ఆ రెండూ బస్సుకి, డ్రైవర్‌కి. బస్సు చెప్పిన టైముకి వచ్చింది, ఏసీ బాగా పనిచేసింది, మామయ్య ఎక్కడానికి ఇబ్బంది పడుతుంటే డ్రైవర్ దిగి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. మిగతా మూడు ఎందుకు తగ్గించానో వివరంగా రాస్తాను. ఇలాంటి టూర్లు నగరంలో చాలామంది నడుపుతున్నారు, అందరి షెడ్యూలూ ఇంచుమించు ఒకటే. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లని మనం నమ్మి ఎక్కించేది వీటిలోనే.

మా షెడ్యూల్లో బిర్లా మందిర్, చార్మినార్, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, చివర్లో హుస్సేన్ సాగర్ ఒడ్డు. కాగితం మీద చూస్తే ఏదీ వదిలిపెట్టలేదు అనిపిస్తుంది. కానీ సాలార్‌జంగ్‌కి ఇచ్చింది గంట. చార్మినార్ దగ్గర ఒక ముత్యాల షాపు ముందు బస్సు ఆపి, మమ్మల్ని లోపల కూర్చోబెట్టిన సమయం అంతకంటే పెద్దగా తక్కువేం కాదు. షెడ్యూల్లో ఆ షాపు పేరే లేదు. ఏమీ కొనని మాకు బయటికి వెళ్లి నిలబడాలన్నా గైడు ‘రెండు నిమిషాలు మేడమ్’ అంటూనే ఉన్నాడు. హైదరాబాద్‌లో ముత్యాలు కొనాలనుకునేవాళ్లు పత్తర్‌గట్టీలో నాలుగు షాపులు తిరిగి, బేరం చేసి కొనుక్కోవచ్చు. టూర్ డబ్బు కట్టినవాళ్ల సమయాన్ని దానికి వాడటం న్యాయం కాదు.

సాలార్‌జంగ్‌లో గంట అంటే ఏంటో లోపలికి వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. నలభై వేలకు పైగా వస్తువులున్న మ్యూజియం అది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కొద్దికాలం నిజాం దగ్గర దివాన్‌గా పనిచేసి, ఆ పదవి వదిలేశాక జీవితమంతా వస్తువుల సేకరణకే పెట్టిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబర్ 16న ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే ఈ మ్యూజియాన్ని ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. మా గైడు ఇందులో ఒక్క ముక్కా చెప్పలేదు. మేలిముసుగు రెబెక్కా దగ్గరికి తీసుకెళ్లి ‘ఫోటో తీసుకోండి, ముందుకి నడవండి’ అన్నాడు. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ అది. ముఖం మీద ముసుగు కూడా రాయే అని నమ్మాలంటే పక్కకి తిరిగి, వెలుతురు పడే వైపు నుంచి కాసేపు చూడాలి. అత్తయ్యకి జనం తలల మీదుగా కనిపించింది రెబెక్కా నుదురు మాత్రమే.

గడియారం సంగతి ఇంకా బాధ. గంట గంటకీ అందులోంచి గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. దాని కోసం జనం ఎదురుగా కూర్చుని ఎదురుచూస్తారు. బస్సు మమ్మల్ని దించిన సమయానికి మేం చూసింది మూడు దెబ్బలు. చూడాలంటే పన్నెండింటికి చూడాలి. మరో పక్క కమ్మరి బొమ్మ సెకన్లు కొడుతూనే ఉంటుంది, దాన్ని పిల్లలు తప్ప ఎవరూ గమనించరు. కనీసం పదిహేను నిమిషాల ముందు వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

మామయ్య నేతపని చేసిన మనిషి. మంగళగిరిలో గుంట మగ్గం మీద నడుము పట్టేసేదాకా నేశారు. ఆయన బట్టల గ్యాలరీ దగ్గర ఆగి, ఒక జరీ అంచు వైపు వంగి చూస్తున్నారు. మంగళగిరి చీరల్లో నిజాం అంచు అని ఒకటుంది, దాన్ని ఆయన చేతులతో ఎన్నో నేశారు. ఆ నిజాముల ఊళ్లో పాత అంచుల ముందు నిలబడితే ఆయనకి ఎలా ఉంటుందో ఊహించుకోండి. అంతలో గైడు వచ్చి భుజం తట్టి ‘సార్, బస్సు’ అన్నాడు. ‘అమ్మాయ్, ఇంకాస్త చూడనివ్వరా?’ అని మామయ్య నన్నడిగారు. నేను మూడు మార్కులు తగ్గించింది అక్కడే.

ఇక్కడి దాకా ఫిర్యాదు. ఇప్పుడు ఏం చేస్తే బాగుంటుందో రాస్తాను, అది మేం చేసి చూసిందే.

హైదరాబాద్‌కి రెండు మూడు రోజుల కోసం వచ్చేవాళ్లు స్థలాల లెక్క పెట్టుకోవద్దు. మ్యూజియంలో మనసు పట్టిన ఒక్క గ్యాలరీని ఎంచుకుని, మర్నాడు ఆ వస్తువు తయారయ్యే ఊరికి వెళ్లండి. ఈ నగరానికి ఉన్న అదృష్టం ఏమిటంటే, అద్దాల వెనకాల ఉన్నవాటిలో కొన్ని ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లలో మనుషుల చేతుల్లో తయారవుతున్నాయి. ఈ రెంటినీ కలిపే ప్యాకేజీ ఇప్పటిదాకా నాకు కనపడలేదు.

తర్వాతి శనివారం మేం మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్లో దిగి, ఆటోలో మ్యూజియం ఉన్న దారుల్‌షిఫా వెళ్లాం. మ్యూజియం పదింటికి తెరుస్తారు, తెరిచీ తెరవగానే వెళ్లడం మంచిది. జనం పెరిగేలోపు రెబెక్కా, జేడ్ అనే విలువైన రాతితో చేసిన వస్తువుల గది చూసేశాం. నూర్జహాన్ పండ్లు కోసుకున్న కత్తి అని చెప్పే చిన్న కత్తిని మా అమ్మాయి వదల్లేదు. ముందు నుంచి ఫౌస్ట్ కథలోని దుష్టుడు మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా కనిపించే చెక్క బొమ్మ దగ్గర కూడా అంతే. పన్నెండింటికి గడియారం. తర్వాత మామయ్యకి బట్టల గ్యాలరీ అప్పజెప్పి మేం పక్కన కూర్చున్నాం. భోజనానికి మదీనా వైపు వెళ్తే బిర్యానీ, అత్తయ్యలా శాకాహారులైతే కోఠి వైపు వెళ్లాలి.

మధ్యాహ్నం ఓపిక ఉంటే దగ్గర్లోని పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూడొచ్చు. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన వెండి కానుకలు అక్కడున్నాయి గానీ, నాకు నచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు. హాలు పొడవునా రెండంతస్తులుగా చెక్క బీరువాలు, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్టు. చౌమహల్లా అదే రోజు కలపొద్దు. ఆ దర్బారు హాలు, షాండ్లియర్లు, కార్లు విడిగా ఒక పూట తీసుకుంటాయి.

ఆదివారం అద్దె కారు తీసుకుని పోచంపల్లి. నగరం నుంచి సుమారు 50 కిలోమీటర్లు. వరంగల్ రోడ్డులో బీబీనగర్ దగ్గర తిరగొచ్చు, విజయవాడ రోడ్డులో చౌటుప్పల్ వైపు నుంచీ రావచ్చు. ఈ పూట గురించి ఎంత రాసినా తక్కువే. ఒక నేత ఇంటి ముందు మామయ్య ఆగి లోపలికి చూస్తుంటే, మగ్గం మీదున్నాయన ‘ఏ ఊరు పెద్దాయనా?’ అని అడిగాడు. మంగళగిరి అనగానే మగ్గం దిగి వచ్చి కుర్చీ వేశాడు. తర్వాత వాళ్లిద్దరి మాటల్లో మేం లేము.

పోచంపల్లి పని అంతా నేతకి ముందే ఉంటుంది. డిజైను ప్రకారం దారాన్ని అక్కడక్కడ రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి, వేరే చోట కట్టి, ఇంకో రంగు. దారం మీద ముక్కలు ముక్కలుగా ఉన్న ఆ రంగులు మగ్గం మీద పేక (అడ్డదారం) పడే కొద్దీ పువ్వుగానో చిలుకగానో కుదురుకుంటాయి. ‘మాది అంచులో పని అమ్మాయ్, వీళ్లది దారంలోనే పని’ అన్నారు మామయ్య. కట్టడానికి ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ తిప్పాలి, దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లదే, భుజాలు అరిగిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి కష్టం చూడలేక ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి వెళ్లేవాళ్లు చీరలు కొని వచ్చేయకుండా, అడిగి ఆసు పోయడం చూడండి. అడిగితే ఎవరూ కాదనలేదు మాకు.

కొనేటప్పుడు బట్ట తిరగేసి చూడండి. ఇక్కడి నేత రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పైన అచ్చు వేసిన నకిలీ అయితే వెనక వెలసినట్టు కనిపిస్తుంది. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా భావేకి వంద ఎకరాలిచ్చి భూదానోద్యమానికి నాంది పలికింది ఈ ఊళ్లోనే, ఆ జ్ఞాపకంగా వినోబా మందిరం ఉంది. అదీ చూసి రండి.

అత్తయ్యకి ఇంట్లో దైవం పానకాల నరసింహస్వామి. కాబట్టి సాయంత్రం యాదగిరిగుట్ట తప్పలేదు. 2022 మార్చిలో తిరిగి తెరిచిన నల్లరాతి గుడి, శిల్పం చూడ్డానికే ఒక గంట కావాలి. ఆదివారం రద్దీకి దర్శనం బాగా ఆలస్యమైంది, పెద్దవాళ్లతో అయితే మామూలు వారాల్లో వెళ్లండి. దారిలో భువనగిరి కోట గుండు కారులోంచే చూశాం. ఆ నున్నటి బండ ఎక్కడం మా మామయ్య మోకాళ్లకి కుదరదు.

బట్టల మీద ఆసక్తి లేనివాళ్లకి ఇంకో రెండు జతలు చెబుతాను. సాలార్‌జంగ్‌లో బిద్రీ గ్యాలరీ నచ్చితే మర్నాడు బీదర్ వెళ్లండి, సుమారు 140 కిలోమీటర్లు. జింకు, రాగి కలిపి పోసిన పాత్ర మీద వెండి తీగ పొదిగి, అక్కడి పాత కోట మట్టితో నల్లబరుస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి అలాగే మెరుస్తుంది. పొద్దున్నే బయల్దేరితే 1472 నాటి మహమూద్ గవాన్ మదర్సా కూడా చూసి రాత్రికి వచ్చేయొచ్చు. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అందరూ ఈజిప్టు మమ్మీ చూసి బయటికి వస్తారు. అక్కడి బౌద్ధ శిల్పాలు చూసినవాళ్లు నాగార్జునకొండ వెళ్లాలి. ఆనకట్ట కడితే మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన శిల్పాలు ఇప్పుడు జలాశయం మధ్య కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. లాంచీ నడుస్తోందో లేదో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి, గాలీవానా ఉంటే ఆపేస్తారు.

మరి ఆ టూర్ బస్సు ఎవరికి పనికొస్తుందంటే, రైలుకీ రైలుకీ మధ్య ఒక్క పగలే చేతిలో ఉండి, ఊరు పైపైన చూస్తే చాలనుకునేవాళ్లకి. వాళ్లు కూడా బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడగాలి: మ్యూజియంలో ఎంతసేపు, షాపింగ్ కోసం ఎక్కడెక్కడ ఆపుతారు. జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.

సాలార్‌జంగ్, చౌమహల్లా, నిజాం మ్యూజియం, స్టేట్ మ్యూజియం, నాగార్జునకొండ, అన్నిటికీ శుక్రవారమే సెలవు. శుక్రవారం ఉదయం హైదరాబాద్‌లో దిగేవాళ్లు ముందు పోచంపల్లి, గుట్ట చూసుకుని, శనివారం పదింటికి సాలార్‌జంగ్ గేటు దగ్గర ఉండేలా టికెట్లు చేయించుకోండి.