రైజెనా, ఎపిక్కా? మిల్లు ఆఫీసు సర్వరుకి ఏది మేలు

తణుకు రైస్‌మిల్లుల నుంచి భీమవరం రొయ్యల వ్యాపారుల దాకా అడిగేది ఒకటే. ట్యాలీ నడిచే పది పదిహేను సిస్టంలకి సర్వరు కావాలి, రైజెన్ వేయించాలా, ఎపిక్ వేయించాలా? రెండూ ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లే: రైజెన్ మామూలు పీసీలకి, ఎపిక్ సర్వర్లకి.

ముందు ఏఎండీ ఏం చేస్తోందో చూడాలి. 2017లో తొలి ఎపిక్ కోసం రైజెన్ డైలనే (కోర్లుండే సిలికాన్ ముక్కలు) నాలుగు తెచ్చి ఒక ప్యాకేజీలో పెట్టింది. 2019లో చిప్‌లెట్ అనే 8 కోర్ల చిన్న ముక్క వచ్చింది: ఒకటో రెండో పెడితే రైజెన్, ఎనిమిది పెడితే 64 కోర్ల ఎపిక్. నారుమడి ఒకటే, ఊడ్చేది రెండు చేలల్లో. ఇక 2024 మేలో వచ్చిన ఎపిక్ 4004 అయితే రైజెన్ 7000 సిలికానే. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కూడా అదే ఏఎం5.

అలాంటప్పుడు ఎపిక్‌కి ఎక్కువ డబ్బు దేనికి? ఈసీసీ (ర్యామ్‌లో తప్పు పడితే పట్టుకుని సరిదిద్దే ఏర్పాటు) మీద భరోసాకి. తేల్చేది ఇదే, కోర్ల లెక్క కాదు.

దాళ్వా కోతలప్పుడు ధాన్యం కొనుగోళ్లు రాత్రీ పగలూ ఎక్కుతూనే ఉంటాయి. ర్యామ్‌లో ఒక్క బిట్ తిరగబడితే ఒక్కోసారి మెషిన్ ఆగదు. తప్పు అంకె డేటా ఫైల్లోకి, అక్కణ్ణుంచి ఆ రాత్రి బ్యాకప్‌లోకి పోతుంది. వారం తర్వాత బయటపడేసరికి మంచి కాపీ మిగలదు. ‘డీడీఆర్5 ర్యామ్‌లో ఈసీసీ ఎలాగూ ఉంటుంది’ అన్న మాట నమ్మకండి. అది మెమరీ చిప్ లోపలి తప్పులకే, అక్కణ్ణుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారికి కాదు. ర్యామ్ కొనేటప్పుడు ‘ఈసీసీ యూడిమ్’ రకం అనే అడగండి. పెద్ద సర్వర్లకి వాడే ఆర్‌డిమ్ రకం తెస్తే స్లాట్‌లో పట్టదు.

రైజెన్ 7000 కూడా ఈసీసీ చేస్తుంది, కానీ బోర్డు ఒప్పుకోవాలి. కొన్ని బోర్డులు ఈసీసీ స్టిక్ తీసుకుని మామూలు ర్యామ్‌లాగే నడుపుతాయి. ఈసీసీ నిజంగా పనిచేస్తోందా తెలియాలంటే విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో విన్32 ఫిజికల్ మెమరీ అర్రే (Win32_PhysicalMemoryArray) క్లాసు తెరిచి, మెమరీ ఎర్రర్ కరెక్షన్ (MemoryErrorCorrection) విలువ చూడండి: 3 అయితే లేదు, 5 గానీ 6 గానీ అయితే ఉంది. ఎపిక్ 4004కి సూపర్‌మైక్రో, ఆస్‌రాక్ ర్యాక్ లాంటివాళ్ల సర్వర్ బోర్డు వేస్తే ఈ అనుమానం ఉండదు. పైగా రిమోట్ కంట్రోల్ ఉన్న మోడల్ అయితే మెషిన్ హ్యాంగైనప్పుడు రాజమండ్రిలో కూర్చుని పాలకొల్లులోది రీస్టార్ట్ చేయొచ్చు.

అందుకే నా ఓటు 8 కోర్ల, 65 వాట్ల ఎపిక్ 4344పీకి. డబ్బు చాలకపోతే రైజెన్ 7 7700, ఈసీసీకి ఒప్పుకునే బోర్డుతో. 7950ఎక్స్ వద్దు. 170 వాట్ల ఆ చిప్ లోడ్ పడితే 95 డిగ్రీల దాకా ఎక్కేలాగే తయారైంది, ఏసీ లేని గదిలో ఏప్రిల్ ఎండకి ఫ్యాన్ మోత ఆగదు.

ఇంటెల్ దారి వేరు. వాళ్ల పీసీ చిప్ ‘కోర్’లో ఈసీసీ కావాలంటే డబ్ల్యూ680 లాంటి ఖరీదైన చిప్‌సెట్ బోర్డు తప్పదు, లేదంటే వాళ్ల సర్వర్ చిప్ జియాన్ ఈ-2400. సెకండ్‌హ్యాండ్ జియాన్ ఈ5-2680 వీ4 చవకే, 14 కోర్లే, కానీ టర్బోలో (కాసేపు పెంచుకునే గరిష్ఠ వేగంలో) కూడా 3.3 గిగాహెర్ట్జ్ దాటదు. ఒక్క కోర్ వేగం మీద ఆధారపడే పనికి అది చాలదు.

బిగించేటప్పుడు రెండు సంగతులు. 64 జీబీ కావాలంటే 32 జీబీవి రెండు కొనండి. 16 జీబీవి నాలుగు పెడితే ఏఎం5లో ర్యామ్ వేగం 3600కి దిగిపోతుంది. మొదటిసారి ఆన్ చేశాక ర్యామ్ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌కి తగ్గట్టు సర్దుకోవడం) కోసం కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. చెడిపోయిందనుకుని మధ్యలో పవర్ తీయకండి. ఊక దుమ్ము పడే మిల్లులో అయితే క్యాబినెట్‌ని నేల మీద పెట్టకుండా, ముందువైపు ఫిల్టర్ వేసి, పదిహేను రోజులకోసారి దులపండి.