ఆవకాయకు ఒక్క పేజీ చాలా, తొమ్మిది కావాలా?

మా అత్తయ్య పచ్చళ్ల సైటు నేనే చూస్తుంటాను. ఎవరో చెప్పారని ఒకప్పుడు ఆవకాయ ఒక్కదానికే తొమ్మిది పేజీలు రాసి పడేశాను. కొలతలకు ఒకటి, ఏ కాయ మంచిదో చెప్పడానికి ఒకటి, బూజు పట్టకుండా ఏం చేయాలని ఒకటి, నూనె ఎంత పోయాలని ఇంకొకటి. ఎన్ని పేజీలుంటే గూగుల్‌లో అన్నిసార్లు కనబడతామని ఆశ. తీరా సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు ఏ మాటలకు గూగుల్‌లో కనబడుతోందో చూపే గూగుల్ వాళ్ల ఉచిత పరికరం) "ఆవకాయ కొలతలు" మీద నొక్కి పేజీల ట్యాబ్ చూస్తే, అక్కడ మా పేజీలే మూడు! ఒక వారం ఇది, ఇంకో వారం అది, ఏదీ మొదటి పదిలోకి రాలేదు. రాదు మరి, మూడింట్లోనూ అదే కారం, అదే ఉప్పు, అదే ఆవపిండి. 2011లో గూగుల్ పసలేని పేజీలను కిందికి నెట్టేలా తెచ్చిన పాండా అప్‌డేట్ వచ్చినప్పుడే ఇలాంటి పలచటి పేజీలకు కాలం చెల్లింది, నాకే ఆలస్యంగా తెలిసింది.

సరే, అన్నీ కలిపేద్దామని రెండో కొసకు పోయాను. ఆవకాయ, మాగాయ, గోంగూర, తొక్కు పచ్చడి, అన్నీ ఒకే పేజీలో "ఆంధ్రా పచ్చళ్లు" అని. పేజీ ఎంత పొడవుంటే ర్యాంకు అంత బాగుంటుందని చాలామంది అంటారు గానీ, పదాల లెక్కను బట్టి ర్యాంకు ఉండదని గూగుల్ వాళ్లే చెప్పారు. పెద్ద పేజీలోంచి పనికొచ్చే పేరాను గుర్తుపట్టే పద్ధతి 2021లో అమెరికా ఇంగ్లీషుతో మొదలుపెట్టిన మాట నిజమే, కానీ దాని మీద భారం వేసి కూర్చోలేం. ఎందుకంటే పేజీకి టైటిల్ ఒక్కటే. మాగాయ కోసం వెతికే ఆవిడకు ఒకచోట "ఆంధ్రా పచ్చళ్లు", దాని కింద "మాగాయ పెట్టే విధానం" కనబడితే దేని మీద నొక్కుతుంది? పైగా ఫోన్‌లో ఆ పేజీ తెరిస్తే మాగాయ దగ్గరికి చేరేసరికి బొటనవేలు నొప్పి పుడుతుంది.

ఇప్పుడు నేను చేసేది ఈ రెండూ కాదు. కొలతలు, కాయ, నూనె, బూజు, ఇవన్నీ ఒకే మనిషి ఒకే రోజు జాడీ ముందు కూర్చుని అడిగేవి. అవి ఒకే పేజీలో ఉండాలి, ఒక్కోదానికి ఒక్కో ఉపశీర్షికతో. మాగాయ వేరే పని: చెక్కు తీయాలి, ఉప్పులో ఊరబెట్టాలి, ఎండలో పెట్టాలి. దానికి వేరే పేజీ. బెల్లం ఆవకాయ దగ్గర తటపటాయించాను. అలాంటప్పుడు రెండు మాటలూ విడివిడిగా గూగుల్‌లో కొట్టి చూడండి. రెండింటికీ దాదాపు అవే లింకులు వస్తే ఒక పేజీ చాలు, వేర్వేరు లింకులు వస్తే రెండు పేజీలు. బెల్లం ఆవకాయకు నాకు వేరేవే వచ్చాయి, విడదీశాను. వీటన్నిటికీ పైన "పచ్చళ్లు" అని ఒక తల్లి పేజీ పెట్టి, అక్కడి నుంచి లింకులు ఇచ్చాను. లింకు మీద "ఇక్కడ నొక్కండి" అని కాకుండా "మాగాయ పెట్టే విధానం" అనే రాశాను.

పాత పేజీలను తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఊరికే డిలీట్ చేయకండి. తొమ్మిదింట్లో బయటి సైట్లు ఎక్కువగా లింకు ఇచ్చిన పేజీ అడ్రస్ ఉంచుకుని, మిగతా ఎనిమిదింటినీ 301 రీడైరెక్ట్‌తో (పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్త అడ్రస్‌కు పంపే ఏర్పాటు) దానికి మళ్లించాలి. మొదట నేను తెలివిగా అన్నింటినీ హోమ్ పేజీకి మళ్లించాను, బూజు గురించి అడిగినవాళ్లను తీసుకెళ్లి వీధి గుమ్మంలో నిలబెట్టినట్టయింది.

అడ్రస్ తెలుగులోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా అని కూడా అడుగుతుంటారు. ర్యాంకు విషయంలో పెద్ద తేడా ఏమీ ఉండదు. కానీ "ఆవకాయ" అని తెలుగులో పెడితే, కాపీ చేసి వాట్సాప్‌లో పంపినప్పుడు ఆ ఒక్క మాటే పర్సెంట్ గుర్తులతో 45 అక్షరాలయి కూర్చుంటుంది. అది చూసి మా అత్తయ్య వైరస్ అనుకుంది. అందుకే అడ్రస్ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, టైటిల్ తెలుగులో రాసి, మనవాళ్లు చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు కాబట్టి పక్కన ఆ పేరు కూడా ఒకసారి ఇచ్చాను.

ఇక తేలనిది పెసరావకాయ. దానికీ మామూలు ఆవకాయకూ సగం లింకులు కలిశాయి, సగం కలవలేదు. ప్రస్తుతానికి ఆవకాయ పేజీలోనే ఒక ఉపశీర్షిక కింద ఉంచాను, మామిడికాయల రోజుల్లో మళ్లీ వెతికి చూసి అప్పుడు విడదీయాలో వద్దో చూస్తాను.