విశాఖ యార్డా, కొత్తపట్నం బోటు షెడ్డా?

ఒంగోలులో డిప్లొమా అయ్యాక రెండుచోట్లా పని నేర్చుకున్నాను. మొదటిది విశాఖలో ఒక షిప్‌యార్డు, ఏడాది అప్రెంటిస్‌షిప్. స్వతంత్రం వచ్చాక దేశంలో కట్టిన తొలి పెద్ద ఓడ జలఉష 1948లో నీటిలోకి దిగిన ఊరు కదా, గొప్పగా ఊహించుకుని వెళ్లాను. తీరా ఆ ఏడాదంతా ఒకే బ్లాకు (ఓడలో ఒక పెద్ద ముక్క) చుట్టూ తిరిగాను. ప్లేట్లు కోసి, బ్లాకులుగా వెల్డింగ్ చేసి, క్రేన్‌తో ఎత్తి కలుపుతారు. డబుల్ బాటమ్ ట్యాంకులోకి (ఓడ అడుగున రెండు పొరల మధ్య ఇరుకు చోటు) దూరాలంటే ముందు గ్యాస్ చెక్ చేయాలి, బయట ఒక మనిషి కాపలా ఉండాలి. లోపల ఉక్క చెప్పనలవి కాదు. వెల్డు కంటికి నున్నగా ఉన్నా అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల) పరీక్షలో లోపల లోపం తేలితే గ్రైండ్ చేసి మళ్లీ మొదలు. ఆ టెన్షనే నాకు పని నేర్పింది.

కొత్తపట్నం దగ్గర ఫైబర్ పడవలు చేసే షెడ్డులో డ్రాయింగే లేదు, మేస్త్రి కన్నే కొలత. అచ్చుకు మైనం, దానిమీద జెల్‌కోటు (పడవకు బయటి నున్నటి పొర), ఆపైన ఫైబర్ మ్యాట్, దాన్ని పట్టి ఉంచే జిగురులాంటి రెసిన్. మే నెల ఎండకి హార్డెనర్ కాస్త ఎక్కువైతే రెసిన్ మగ్గులోనే గట్టిపడుతుంది (రెండు మగ్గులు పారేశాను). ఫైబర్ దురద స్నానం చేసినా పోదు. కానీ పడవ మొదటినుంచి అలలమీద తేలేదాకా చూశాను.

సర్టిఫికెట్ మాత్రం షెడ్డులో రాదు. ఉద్యోగం కావాలనుకునే తమ్ముళ్లకు యార్డే చెప్తాను.