వీడియో పెట్టగానే మిణుకుమనే స్క్రీన్: 75 హెర్ట్జ్ వీఏ మానిటర్, ల్యాప్‌టాప్ జతపై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ వీఏ ప్యానెల్ (ఎల్‌సీడీలో ఒక రకం) మానిటర్. వచ్చే ఫ్రేములను బట్టి రిఫ్రెష్ రేటుని, అంటే సెకనుకి స్క్రీన్ ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్కని, సర్దే ఫ్రీసింక్ పరిధి 48 నుంచి 75 హెర్ట్జ్. దానికి యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో కలిపిన విండోస్ 11 ల్యాప్‌టాప్, అందులో ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఎన్‌విడియా చిప్. కొన్నేళ్లుగా రోజూ పనిచేస్తున్న జత ఇది. వర్డ్, ఎక్సెల్, మామూలు వెబ్ పేజీల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. యూట్యూబ్ వీడియో ఫుల్ స్క్రీన్ చేస్తే మాత్రం, ఫ్యాక్టరీ సెట్టింగులతో, చీకటి సీన్లలో వెలుగు ఎగిరిపడుతుంది. ఇలాంటి ఫిర్యాదుతో షాపుకి వెళ్తే చాలాచోట్ల వినపడే మాట "డిస్‌ప్లే పోయింది, ప్యానెల్ మార్చాలి". వీడియో ఆడేటప్పుడు మాత్రమే మిణుకుమంటుంటే ప్యానెల్ మార్చడానికి ఒప్పుకోకండి. ప్యానెల్‌కి వీడియో ఏదో, ఎక్సెల్ ఏదో తెలియదు. తేడా అంతా దానికి బొమ్మ అందే దారిలో ఉంటుంది.

ముందు చేయాల్సిన పరీక్ష చిన్నదే. మిణుకుతున్నప్పుడు మానిటర్ బటన్లతో దాని సొంత మెనూ తెరవండి. మెనూ నిలకడగా ఉండి వెనక బొమ్మ మాత్రమే మిణికితే తప్పు కంప్యూటర్ వైపు. మెనూ కూడా కలిసి మిణికితే బ్యాక్‌లైటో, మారుతున్న రిఫ్రెష్ రేటో. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. అదీ మిణుకుతుంటే డ్రైవర్‌ని అనుమానించాలి, అది తప్ప మిగతావి మిణికితే ఏదో ఒక అప్లికేషన్‌ని.

ఈ జతలో అసలు దోషి రిఫ్రెష్ రేటే. వీఏ ప్యానెల్‌లో పిక్సెల్ వెలుగు రిఫ్రెష్ రేటుని బట్టి కొద్దిగా మారుతుంది, ముదురు బూడిద రంగుల్లో ఆ తేడా కంటికి ఆనుతుంది. వీడియో ఆడుతుంటే రేటు 48కీ 75కీ మధ్య ఊగుతుంది. గరిష్ఠం కనిష్ఠానికి కనీసం రెట్టింపు ఉంటే, తక్కువ ఫ్రేమ్‌రేటు వచ్చినప్పుడు డ్రైవర్ ప్రతి ఫ్రేమునీ రెండుసార్లు పంపి నెట్టుకొస్తుంది. 75 అనేది 48కి రెట్టింపు కాదు కాబట్టి ఇక్కడ ఆ సౌకర్యం లేదు. మానిటర్ మెనూలో రిఫ్రెష్ రేటు చూపించే సదుపాయం ఉంటే ఆన్ చేసి చూడండి, అంకె గంతులేస్తుంటే రోగం దొరికినట్టే. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ (ఫ్రీసింక్ లాంటి పనికి ఎన్‌విడియా పేరు) సెటప్‌కి వెళ్లి, విండో మోడ్‌కి కూడా వర్తించే ఎంపిక తీసేసి ఫుల్ స్క్రీన్ మోడ్ ఒక్కటే ఉంచాలి. బ్రౌజర్‌లో ఫుల్ స్క్రీన్ అన్నా అది నిజానికి పెద్ద విండోనే కనుక వీడియో జీ-సింక్ పరిధిలోంచి తప్పుకుంటుంది, ఆటలకు సౌకర్యం మిగులుతుంది. ఆటలు ఆడనివాళ్లు మానిటర్ మెనూలోనే ఫ్రీసింక్ ఆపేయడం మేలు.

రెండోది వేరే రకం మిణుకు. మౌస్ కదిపినప్పుడు, వాల్యూమ్ పట్టీ వచ్చినప్పుడు, నోటిఫికేషన్ పడినప్పుడు స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి తిరిగొస్తుంది. స్క్రీన్‌షాట్ తీస్తే అందులో ఏమీ కనిపించదు. ఇది విండోస్‌లోని మల్టీప్లేన్ ఓవర్లే పని. మామూలుగా డెస్క్‌టాప్‌లోని అన్ని విండోలనూ డీడబ్ల్యూఎం (డెస్క్‌టాప్ విండో మేనేజర్) ఒకే బొమ్మగా కలిపి పంపుతుంది. ఓవర్లే పద్ధతిలో వీడియోని విడి పొరగా నేరుగా గ్రాఫిక్స్ చిప్‌కే అప్పగిస్తారు, కరెంటు ఆదా కోసం. వీడియో మీదకి ఏదైనా వచ్చినప్పుడు ఆ పొరని తీసి మళ్లీ పెట్టాలి, అక్కడే తడబాటు. రెండు మానిటర్లకు రెండు వేర్వేరు రిఫ్రెష్ రేట్లుంటే ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని ఆపే రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఫైల్‌ని ఎన్‌విడియా తన సహాయ పేజీలోనే ఇచ్చింది. చేత్తో చేయాలంటే: రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకుని, హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, డీడబ్ల్యూఎం వరకు వెళ్లి, ఓవర్లేటెస్ట్‌మోడ్ అనే పేరుతో 32 బిట్ డీవర్డ్ సృష్టించి విలువ 5 ఇచ్చి రీస్టార్ట్ చేయాలి. వద్దనుకుంటే ఆ ఎంట్రీ తీసేస్తే సరి. పవర్ వాడకం కాస్త పెరగొచ్చు, ఛార్జర్ పెట్టి వాడేవాళ్లకు అదో లెక్క కాదు.

ఎవరిని అడిగినా ముందు చెప్పేది బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడం) ఆపమని. క్రోమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్ కింద ఉంటుంది. పరీక్షగా అది మంచిదే: ఆపగానే మిణుకు పోతే తప్పు డ్రైవర్‌లోనో ఓవర్లేలోనో ఉందని తేలుతుంది. అలాగే వదిలేయడం మాత్రం నాకు నచ్చదు. డీకోడింగ్ భారమంతా ప్రాసెసర్ మీద పడి, 4కే వీడియోకి ఫ్యాన్ హోరెత్తుతుంది, ఫ్రేములు జారిపోతాయి. యూట్యూబ్ వీడియో మీద కుడి క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే జారిన ఫ్రేముల లెక్క, కోడెక్ (వీడియోని కుదించిన పద్ధతి) కనిపిస్తాయి. ఏవీ1 కోడెక్‌ని హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లతో, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్‌తో వచ్చింది. అంతకంటే పాత చిప్ ఉంటే యూట్యూబ్ ఖాతా సెట్టింగుల్లో ప్లేబ్యాక్ విభాగంలోని ఏవీ1 ఎంపికని తక్కువ క్వాలిటీ వీడియోలకే పరిమితం చేయండి.

ల్యాప్‌టాప్ సొంత స్క్రీన్ కథ వేరు. ఛార్జర్ తీయగానే మొదలయ్యే మిణుకుకి కారణం పవర్ పొదుపు. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో సిస్టమ్, పవర్ కింద ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, డిస్‌ప్లే పవర్ సేవింగ్స్ రెండూ ఆపండి. విండోస్ 11 బ్రైట్‌నెస్ సెట్టింగ్ కింద, కంటెంట్‌ని బట్టి వెలుగు మార్చే ఎంపిక ఉంటే దాన్నీ ఆపండి. ఏఎండీ చిప్‌లో దీనికి సాటి వారీ-బ్రైట్.

కొందరు మిణుకు అనేది నిజానికి కుదుపు. తెలుగు సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీ ప్రసారాలు 50 హెర్ట్జ్ లెక్కవి కాబట్టి న్యూస్ ఛానెళ్ల లైవ్ తరచుగా 25 ఫ్రేముల్లో వస్తుంది. 60 హెర్ట్జ్‌లో 24గానీ 25గానీ సమంగా పంచడం కుదరదు, కింద స్క్రోలింగ్ అక్షరాలు జెర్క్ కొడుతూ కదులుతాయి. 75 హెర్ట్జ్‌లో 25కి మూడేసి సరిపోతాయి, లైవ్ వార్తలకి ఈ మానిటర్ అందుకే హాయిగా ఉంటుంది. సినిమాకి 24తో సరిగ్గా భాగమయ్యే 120 హెర్ట్జ్ స్క్రీన్ మేలు.

ఓటీటీ సినిమా మొదలయ్యేటప్పుడు రెండు క్షణాలు నల్లబడితే అది హెచ్‌డీసీపీ (వీడియో కాపీ కాకుండా అడ్డుకునే పద్ధతి) రక్షణ ఒప్పందం కుదరడం, ఒకసారైతే పట్టించుకోనక్కర్లేదు. మధ్యమధ్యలో పదేపదే వస్తే కేబుల్, అడాప్టర్ మార్చి చూడాలి. హెచ్‌డీఎంఐలో 4కే 60 హెర్ట్జ్‌కి ప్రీమియం హై స్పీడ్ కేబుల్ కావాలి. గ్యాస్ లిఫ్ట్ కుర్చీలో కూర్చున్నప్పుడో లేచినప్పుడో మానిటర్ ఒక్కసారి ఆరి వెలిగితే ఆశ్చర్యపోకండి, కుర్చీలో పుట్టే స్టాటిక్‌ని సరిగా కవచం లేని కేబుల్ పట్టుకుంటుంది. మంచి కేబుల్‌తో సాధారణంగా అది పోతుంది.

విండోస్ మొదలవకముందు తెరుచుకునే బయోస్ స్క్రీన్‌లో కూడా మిణుకుతుంటే, ల్యాప్‌టాప్ మూత వంచే కోణాన్ని బట్టి మిణుకు మారుతుంటే, అప్పుడే హార్డ్‌వేర్ గురించి ఆలోచించాలి. అప్పుడైనా ముందు హింజ్ దగ్గర నలిగే డిస్‌ప్లే కేబుల్ మార్చి చూడమని టెక్నీషియన్‌ని అడగండి, ప్యానెల్ కంటే అది చాలా చవక.