మోకాళ్ళ నొప్పికి ఏది మేలు: పూతమందా, పారాసిటమాలా, నొప్పి బిళ్ళా?

డెబ్బై దాటిన పెద్దవారికి మోకాళ్ళు పట్టేస్తే ఇంట్లోవాళ్ళు ముందు చేసే పని మెడికల్ షాపుకెళ్ళి నొప్పి బిళ్ళ అడగడం. ఆ మనిషి బీపీకి టెల్మిసార్టాన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, గుండెకు యాస్పిరిన్ 75 వేసుకుంటున్న సంగతి షాపతనికి ఎవరూ చెప్పరు. ఏ మందు మేలన్నది తేల్చాల్సింది మాత్రం ఆ మందుల డబ్బాను ముందు పెట్టుకునే.

అందరూ అడిగేది నొప్పి బిళ్ళే కాబట్టి దాంతోనే మొదలుపెడదాం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎటోరికాక్సిబ్ అన్నీ ఒక కోవకు చెందినవే. త్వరగా ఉపశమనం ఇస్తాయి. దెబ్బ పడేది కిడ్నీ మీద. కిడ్నీలో రక్తాన్ని వడపోసే గుత్తికి రక్తం తెచ్చే సన్న నాళం ఒకటి, తీసుకుపోయేది మరొకటి ఉంటాయి. నొప్పి బిళ్ళ వల్ల తెచ్చే నాళం బిగుసుకుంటుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు తీసుకుపోయే నాళాన్ని వదులు చేస్తాయి. టెల్మిసార్టాన్ కలిసిన టెల్మా-హెచ్‌లో ‘హెచ్’ అంటే హైడ్రోక్లోరోథయాజైడ్. అది మూత్రం ఎక్కువ పోయేలా చేసి ఒంట్లో నీరు తగ్గిస్తుంది. ఈ మూడూ ఒక ఒంట్లో కలిస్తే రక్తం వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. మొదటి నెలలోనే ఈ ముప్పు ఎక్కువ. మే నెల ఎండల్లో చెమటకు నీరు పోయినా, రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఉన్నట్టుండి పెరుగుతుంది. కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది. గ్లిమెపిరైడ్ ప్రభావం ఎక్కువసేపు నిలిచి తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు.

ఇంకో గొలుసు కూడా ఉంది, ఇది చాలా ఇళ్ళలో ఎవరి కంటా పడదు. నొప్పి బిళ్ళతో బీపీ పెరుగుతుంది. బీపీ పెరిగిందని ఆమ్లోడిపిన్ చేరుస్తారు. దాంతో పాదాలు వాస్తాయి. వాపు తగ్గడానికి మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ వస్తుంది. మొదటి బిళ్ళ ఆపేస్తే తరవాతి రెండూ అవసరమే ఉండకపోవచ్చు. నొప్పి బిళ్ళ యాస్పిరిన్‌తో కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. పైగా ఐబుప్రోఫెన్ యాస్పిరిన్‌కు అడ్డుపడి గుండెకు దక్కాల్సిన రక్షణను తగ్గిస్తుంది. అందుకని యాస్పిరిన్ వాడేవారు ఐబుప్రోఫెన్ జోలికి పోకపోవడమే మంచిది.

పూతమందును చాలామంది చిన్నచూపు చూస్తారు, అది అన్యాయం. డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి చేరేది బిళ్ళతో చేరేదాంట్లో సుమారు 6 శాతమే. అరిగిన మోకాలికి, చేతివేళ్ళ కీళ్ళకు బాగా పనిచేస్తుంది. తుంటి, నడుము లోతుగా ఉంటాయి కాబట్టి అక్కడ దీనిమీద ఆశ పెట్టుకోకండి. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే మోతాదులో. ఒక్కో మోకాలికి 2 నుంచి 4 గ్రాములు, రోజుకు 3, 4 సార్లు రాయాలి. తక్కువలో తక్కువ లెక్కేసినా రెండు మోకాళ్ళకు రోజుకు 12 గ్రాములు. అంటే 30 గ్రాముల ట్యూబు మూడు రోజులు కూడా రాదు. మీ ఇంట్లో అదే ట్యూబు నెల రోజులు వస్తోందంటే ఆవగింజంత రాసి పనిచేయలేదంటున్నారన్నమాట. రాసిన చోట కట్టు కట్టకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. రాశాక చేతులు కడుక్కోవాలి. రెండు వారాలు వాడకుండా తీర్పు చెప్పకండి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారు, రక్తం పలచబడే వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వాడేవారు జెల్‌కు కూడా డాక్టర్ని అడగాలి. గంధపూర తైలం ఉన్న బామ్‌లు ఎక్కువగా రుద్దినా వార్ఫరిన్ ప్రభావం పెరగవచ్చు.

పారాసిటమాల్‌తో కిడ్నీ నాళాలకు, కడుపుకు ఆ బెడద లేదు. అయితే అరుగుదల నొప్పికి దీని బలం తక్కువే. జెల్ చాలనప్పుడు తోడుగా వాడదగ్గది. 650 మిల్లీగ్రాముల బిళ్ళకూ బిళ్ళకూ కనీసం 6 గంటల ఎడం ఉండాలి. రోజుకు మూడు చాలు, నాలుగు దాటకూడదు. 50 కిలోల లోపు బరువున్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం తాగేవారికి మొత్తం 2 గ్రాముల లోపే, అంటే మూడే బిళ్ళలు. వార్ఫరిన్ వాడేవారు రోజూ 2 గ్రాముల చొప్పున కొన్నాళ్ళు వేసుకుంటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె) పెరుగుతుంది, వారంలోపు పరీక్ష చేయించాలి. స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి: జీరోడాల్-పి లో ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 ఉంటాయి. ‘పి’ అంటే పారాసిటమాలే. దానిమీద డోలో (ఇదీ పారాసిటమాలే) వేస్తే ఒకటే మందు రెండు పేర్లతో లోపలికి పోయినట్టు.

ట్రమడాల్ కలిసిన బిళ్ళలు కిడ్నీకి నొప్పి బిళ్ళంత చేటు చేయకపోయినా తల తిప్పుతాయి. రాత్రి బాత్రూముకు లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది. దిగులుకు ఎస్సిటలోప్రామ్ వంటివి వాడేవారికి ఇది అసలే పనికిరాదు. ఇక ఊళ్ళో వేయించుకునే సూదిలో తరచు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులు మోకాలు తేలికపడుతుంది, షుగర్ మాత్రం ఎగబాకుతుంది.

కాబట్టి వరస ఇది: ముందు జెల్, చాలకపోతే పారాసిటమాల్, ఆ తరవాతే నొప్పి బిళ్ళ. అదీ డాక్టర్ రాస్తేనే, 3 నుంచి 5 రోజులే, పొద్దున టిఫినుకు అరగంట ముందు కడుపుకు కాపుగా పాంటోప్రజోల్ 40 వేసుకుంటూ. మొదలెట్టే ముందు క్రియాటినిన్, పొటాషియం చూపించాలి. వాడకం పొడిగిస్తే వారం, రెండు వారాల్లో మళ్ళీ చూపించాలి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం చెప్పే అంకె) 30 కంటే తక్కువుంటే నొప్పి బిళ్ళ వద్దు. వాంతులు, విరేచనాలు మొదలైతే నొప్పి బిళ్ళ ఆ పూటే ఆపాలి. బీపీ, షుగర్ మందుల సంగతి అదే రోజు డాక్టర్ని అడగాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోల బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, మలం తారులా నల్లగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చీటీ ఒక్కటే కాకుండా డబ్బాలో ఉన్న స్ట్రిప్పులు, చూర్ణం పొట్లాలు, సగం వాడిన జెల్ ట్యూబుతో సహా అన్నీ సంచిలో వేసుకెళ్ళండి.